చౌడు మిద్దె మీద తొలి వాన

ఒక ఇంటి కప్పు కురుస్తుందా కురవదా అని చూడడానికి అంత దూరం పోతావా అని మా వీధిలో అందరూ అడిగారు. పోతాను అన్నాను. పోయాను, చూశాను, వచ్చాను. పోనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు అరవైకి దగ్గర పడ్డాక వచ్చాయి. కాబట్టి తిప్పి తిప్పి రాయడం చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తాను. నచ్చనిది నచ్చలేదంటాను.

బయలుదేరే ముందు

మాకు చదువు చెప్పిన టీచరమ్మ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. దాని పేరు 'ఈ పూట పని'. అందులో పూల బొమ్మలు, దేవుళ్ళ బొమ్మలు, పొద్దున్నే దండాలు పెట్టకూడదు. ఆ రోజు నీ చేతులతో ఏం చేశావో దాని ఫోటో పెట్టాలి, కింద రెండు ముక్కలు సొంతంగా రాయాలి. అంతే. రాత మరిచిపోకుండా ఉంటామని ఆమె ఆలోచన. ఒకరి నుంచి ఒకరికి తెలిసి, నల్గొండ నుంచీ పాలమూరు నుంచీ ఆడవాళ్ళు అందులో చేరారు. నేను నా నారు కట్టలు పెట్టేదాన్ని. పాత మంచం కోళ్ళతో కోళ్ళగూడు చేసిన రోజు అందరూ మెచ్చుకున్నారు. కోళ్ళు మాత్రం అందులోకి పోలేదు. ఇప్పటికీ చెట్టు మీదే పడుకుంటున్నాయి.

ఆ గ్రూపులోకి పాలమూరు దిక్కు నుంచి బాలమణి అనే ఆమె వచ్చింది. పెళ్ళైన నాటి నుంచీ మొగుడితో పుణెకు పోయి బిల్డింగుల దగ్గర ఇసుక, కంకర మోసిన మనిషి. ఇక పోనని ఈ ఎండాకాలం ఊళ్ళో ఉండిపోయి, తన జాగాలో తానే ఇల్లు కట్టడం మొదలుపెట్టింది. రాళ్ళ పునాది ఫోటో వచ్చింది. మట్టి గోడ మోకాలెత్తు వచ్చింది, నడుమెత్తు వచ్చింది. కూలగొట్టిన ఏదో పాత ఇంటి దూలాలు కొనుక్కొచ్చి ఎక్కించింది. పొద్దున లేవగానే ఆ గోడ ఎంత లేచిందో చూసి గాని నేను చాయ తాగేదాన్ని కాదు.

ఒక రోజు ఫోటో లేకుండా రాసింది. 'మా ఆయన పుణె నుంచి వచ్చిండు. మిరుగు వానకు ఇంట్లో చుక్క పడకుంటే ఉందాం అన్నడు. పడితే తాళం పెట్టి నన్ను తీసుకొని పోతా అన్నడు. నేను సరే అన్న.' 

మిరుగు అంటే మృగశిర కార్తె, తొలి వానల కాలం. ఆమె వేస్తున్నదేమో మట్టి కప్పు. నేను సంచి సర్దుకున్నాను. అడుగున వడ్లు ఆరబోసే పెద్ద ప్లాస్టిక్ పరదా మడిచి పెట్టుకున్నాను. ఇంట్లో పడి ఉన్నదే, బాలమణికి పనికొస్తుందనుకున్నాను.

పానగల్లులో తలకాయల తోట

నల్గొండ దాకా బస్సులో నిలబడే పోయాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేశారు, మంచిదే. కూర్చునే జాగా కూడా లేకుండా పోయింది. ఆధారు కార్డు సంచి అడుగున పరదా కింద పెట్టానని కండక్టరు వచ్చాక గుర్తొచ్చింది. అది తీసేసరికి సగం బస్సు నా పరదా కిందకి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం, "ఏంది పెద్దమ్మ, బస్సుల వడ్లు ఆరబోస్తవా?" అంది.

పానగల్లులో మా గ్రూపు మరియమ్మ ఉంటుంది. పానగల్లుకు వచ్చినవాళ్ళు పాత గుళ్ళు చూస్తారు. నేను మరియమ్మ ఇంటి గోడ చూశాను. దాని మీద వరసగా మేకులకు హెల్మెట్లు వేలాడుతున్నాయి. ఎర్రవి, నల్లవి, పగిలినవి, సొట్టపోయినవి. ఒక్కోదాంట్లో మట్టి పోసి పుదీన, కొత్తిమీర, మెంతికూర పెంచుతోంది. ఫోటోలో చూసినప్పుడు ముంతలనుకున్నాను.

"గివేంది బిడ్డా, మీ ఇంట్ల తలకాయలు మొలుస్తున్నయా?" అన్నాను.

మరియమ్మ పెద్ద దవాఖానలో ఆయమ్మ. వార్డు తుడుస్తుంది, దుప్పట్లు మారుస్తుంది. నవ్వుతూనే చెప్పింది. "బండ్ల మీదకెళ్ళి పడ్డోళ్ళను మా దగ్గరికే తెస్తరు పెద్దమ్మ. బతికినోళ్ళు నడిచి పోతరు. పగిలిన హెల్మెట్ ఈడ్నే ఇడిసిపెడతరు. చెత్తల ఏసుడు ఎందుకని అడుక్కొని తెచ్చుకున్న."

"మరి సచ్చినోళ్ళవి?"

"వాళ్ళకు హెల్మెట్ ఏడుంటది?"

మళ్ళీ గోడ చూశాను. అక్కడ వేలాడేవన్నీ బతికి ఇంటికి పోయినవాళ్ళ టోపీలు. ఒక నల్లదానికి ముందు భాగమంతా గీసుకుపోయి ఉంది. దాన్ని చూపించి, "గిది పెట్టుకున్న పిల్ల మొన్న దావత్‌కు పిలిచింది. పోయి తినొచ్చిన" అంది. దాంట్లోంచే గుప్పెడు పుదీన తెంపి పచ్చడి నూరింది. పచ్చి పులుసు, పుదీన పచ్చడి, వేడన్నం. మా ఇంట్లో పచ్చి పులుసులో బెల్లం వెయ్యం, ఆమె వేసింది. నాకు నచ్చలేదు, చెప్పాను. "అయితే రొండోసారి ఎందుకు పోసుకున్నవ్?" అంది.

బాలమణి సంగతి వచ్చింది. "మట్టి కప్పు నిలుస్తదంటవా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మరియమ్మ దవాఖానకు ఫోన్ చేసి సెలవు అడిగి, ఒక చీర సంచిలో వేసుకుని నాతో బయలుదేరింది.

గట్టుప్పలలో తుమ్ము

గట్టుప్పల చేనేత ఊరు. అక్కడ అనసూయ ఉంది, ఆమెదీ మా గ్రూపే. ఆమె పని మగ్గం మీద నేయడం కాదు. మగ్గం మీద పాత నూలు అయిపోయినప్పుడు, కొత్త నూలు తెచ్చి పాత పోగుల కొసలకు అతకడం. ఇంటింటికీ పోయి అతుకుతుంది.

ఎలా అతుకుతుందో రెండు మూరల దూరం నుంచి చూడనిచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ చిప్పలోని బూడిద అద్దుకుంటుంది. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి తీసుకుని నలిపి ఒక్క మెలి వేస్తుంది. ముడి లేదు, జిగురు లేదు. అలా వేల పోగులు. ఒక్కటి వరస తప్పినా చీర పొడవునా గీత పడుతుందట. ఆమె వేళ్ళ వైపు చూస్తే నాకు వేళ్ళు కనబడలేదు. ముక్కుపుల్ల మెరుపు, దాని కింద ఏదో కదులుతోంది, అంతే. నేను నాట్లు వేసిన మనిషిని. చేతి వేగం నాకు తెలుసు అనుకునేదాన్ని. నోరు తెరుచుకుని కూర్చున్నాను.

"అవ్వా, తుమ్మొస్తె అవతలికి పో. బూడిద లేస్తది" అని ముందే చెప్పింది. 

చెప్పడం వల్లే వచ్చింది. గట్టిగా తుమ్మాను. చిప్పలో బూడిదంతా లేచి ఆమె మొహం మీద పడింది. మరియమ్మ నన్ను రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగింది. నేను చీర పాడుచేశానని కంగారుపడుతుంటే, లోపలి నుంచి అనసూయ నవ్వు వినబడింది. "పోగులు పట్టుకునే ఉన్న, ఫికర్ చెయ్యకు. మా ఇంటాయనను గుడ గందుకే బయట కూసోబెడత!" 

వాకిట్లో నిజంగానే ఆయన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మా దిక్కున మగవాళ్ళు వాకిట్లో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తే జనం చూడ్డానికి వస్తారు. ఇక్కడ ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళ చేతులు నూలు మీద ఉన్నంతసేపు పొయ్యి మగవాళ్ళదేనట. ఆయన చేసిన చింతచిగురు పప్పు, జొన్నరొట్టె తిన్నాను. రొట్టె నాకంటే బాగా చేశాడు.

బయలుదేరేటప్పుడు అనసూయ గుమ్మం దాకా వచ్చింది. ఆమె కూడా రోజూ బాలమణి గోడను చూస్తున్నదే. "ఇల్లు కురవకుంటె ఫోటో పెట్టుండ్రి. కురిస్తె పెట్టకుండ్రి. నేను చూడలేను" అంది.

డిండి దాటాక

దేవరకొండ, డిండి, కల్వకుర్తి. భూమి రంగు మారిపోయింది. మా ఊళ్ళో కాలువ నీళ్ళు, ఎటు చూసినా పచ్చన. ఇక్కడ ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్టలు, మధ్యలో సన్నగా ఆకుపచ్చ. ఒక రాయి మీద ఇంకో రాయి, దాని మీద ఇంకోటి, ఎవరో పేర్చినట్టు. ఎవరూ పేర్చలేదు. అంత రాయిని ఎవరు ఎత్తుతారు? మరియమ్మ నిద్రపోతుంటే భుజం తట్టి లేపి మరీ చూపించాను.

కల్వకుర్తిలో ఒక గొర్లకాపరి ముసలాయన ఎక్కాడు. చేతిలో కదురు. బస్సు కుదుపులకు మేమంతా ఒకరి మీద ఒకరు పడుతుంటే, ఆయన నిలబడే ఉన్ని వడుకుతున్నాడు. దారం తెగలేదు. 

"మీకేమో ఉత్తగ, నాకేమో టికెట్. సీటు గుడ మీకేనా?" అన్నాడు నాతో.

"నీకు చేతిపని ఉన్నది, నిలబడి చేసుకో. నాకు లేదు, కూసుంట" అన్నాను. 

పెద్దగా నవ్వాడు. బిడ్డ ఇంటికి పోతున్నాడట, అల్లుడికి గొంగడి నేయించాలట. వాన ఎప్పుడొస్తుందని మరియమ్మ అడిగింది. కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చి, "రేపు" అన్నాడు. మరియమ్మ నా వైపు చూసింది. రేపంటే, ఆలోగా కప్పు మీద మట్టి వేయడం అవుతుందో లేదో కూడా మాకు తెలియదు.

కప్పు మీద మన్ను

బాలమణి ఊరు పాలమూరుకు అవతల. మేము పోయేసరికి కప్పు మీద పది మంది ఆడవాళ్ళు ఉన్నారు. దూలాల మీద సన్న కట్టెలు, వాటి మీద తంగేడు మండలు, ఆ మీద తొక్కిన బురదమన్ను పరిచి ఎండబెట్టడం అప్పటికే అయిపోయింది. ఇప్పుడు చివరి పొర, చౌడు.

మా దిక్కున చౌడు అంటే పంట పండని నేల. చౌడు పడిన చేనును చూసి ఏడుస్తారు. ఇక్కడ ఆ చేను మీద తెల్లగా లేచిన పొడిమన్నును గీకి, గంపలకెత్తి, నెత్తిన మోసుకొచ్చి ఇంటి మీద పోస్తున్నారు. తడపరు, దిమ్మిస కొట్టరు. పొడిగానే జల్లెడ పట్టి, చేతితో సమానంగా సర్దుతారు. వచ్చినవాళ్ళలో కూలివాళ్ళు ఎవరూ లేరు. బదులు పనికి వచ్చారు. ఇవాళ నీ ఇంటికి నేను, రేపు నా చేనుకు నువ్వు. మా దిక్కున అన్నీ గుత్త పనులైపోయాక ఆ మాటే విని చాలా కాలమైంది. 

బాలమణి నిచ్చెన దిగి వచ్చింది. ఫోటోల్లో గోడలే గాని ఆమె మొహం ఎప్పుడూ పెట్టలేదు. సన్నటి మనిషి. నన్ను గుర్తుపట్టి, "కోళ్ళగూడు అవ్వా!" అని చేతులు పట్టుకుంది. ఆ చేతులు దారిలో చూసిన బండరాళ్ళలా ఉన్నాయి. నేనూ మరియమ్మా కొంగులు బిగించి గంపలెత్తాం. 

ఆమె మొగుడు నర్సిములు వేపచెట్టు కింద కూర్చుని చూస్తున్నాడు. చెడ్డవాడిలా లేడు. నీళ్ళు ఇచ్చాడు, మంచం వేశాడు. గంప మాత్రం పట్టలేదు. 

"ముప్పై అంతస్తులకు స్లాబు పోసిన చేతులివి అవ్వా" అన్నాడు నాతో. "నా పెండ్లాం నా నెత్తి మీద మన్ను పోస్తాంది. ఊరంత నవ్వుతాంది."

బాలమణి కప్పు మీద నుంచే అంది. "నువ్వు పోసిన స్లాబు కింద ఒక్కనాడన్న పండుకున్నవా? పండుకున్నది రేకుల షెడ్డుల్నే గదా!"

కప్పు మీది ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నర్సిములు కూడా నవ్వాడు, కానీ తల వంచుకుని. తర్వాత మెల్లగా చెప్పాడు. "రేపు పగటాల్ల పుణెకు పోయే మేస్త్రి బండి వస్తది. నా పార, తట్ట పొద్దుగాల్నే మేస్త్రి ఇంట్ల ఏసి వచ్చిన. చుక్క పడిందనుకో, ఈమె గుడ బండెక్కాలె. మాటంటె మాటే."

సాయంత్రం గోంగూర తొక్కు, జొన్న గట్క పెట్టారు. బాలమణి మా పక్కన కూర్చుని ఇంత ముద్ద మింగి, తలెత్తి కప్పు చూసేది. మళ్ళీ ముద్ద, మళ్ళీ కప్పు. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"మా అమ్మ నేర్పింది. ఏటేట మిరుగు ముందు పటేళ్ళ మిద్దెల మీద చౌడు పోస్తుండె. నన్ను గుడ తీసుకపోయేది. ఆమె మాత్రం గుడిసెల్నే ఉన్నది, గుడిసెల్నే పోయింది. మా ఇంటాయనది గుడ గుడిసెనే, ఆయనకు మిద్దె ఎట్లుంటదో ఎర్క లేదు."

వాన

మరునాడు పొద్దంతా ఉక్క. మధ్యాహ్నం దాటాక పడమట నల్లబడింది. పిల్లలు, పెద్దలు, బదులుకొచ్చిన ఆడవాళ్ళు, మేము, అందరం కొత్త ఇంట్లోకి చేరాం. నర్సిములు తన సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. 

మొదటి చినుకులు కప్పు మీద పడిన చప్పుడు అసలు వినబడలేదు. రేకు మీద పడితే మోగుతుంది, స్లాబు మీద పడితే తెలుస్తుంది. ఇక్కడ ఏమీ లేదు. గుమ్మంలోంచి చూస్తేనే వాన పెరిగిందని తెలుస్తోంది. మట్టి వాసన నిండిపోయింది. 

అంతలో నడి ఇంట్లో ఒక చుక్క పడింది. టప్ మని. 

అందరం పైకి చూశాం. ఇంకోటి పడింది. తలుపు దగ్గర ఒకటి. పొయ్యి మీద మూలలో ఒకటి, రెండు, వరసగా. నర్సిములు సంచి మీద నుంచి లేచి దాని తాడు బిగించాడు. అతని మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. ఏదో పోయినవాడిలా ఉన్నాడు. 

నేను ఆగలేకపోయాను. నా పరదా లాక్కుని బయటికి ఉరికాను. వడ్లు తడుస్తుంటే మా దిక్కున ఎవరమైనా చేసే పని అదే, ఆలోచన ఉండదు. నిచ్చెన ఎక్కి పరదా విసరబోయాను. మరియమ్మ కింద నిచ్చెన పట్టుకుంది. 

"అవ్వా! దించు! దించవే పరదా!" 

బాలమణి అరుపు అది. వానలో పరుగెత్తుకొచ్చి పరదా కొస పట్టుకుని లాగేసింది. నేను జారి రెండు మెట్ల కిందకి వచ్చాను. మోకాలు కొట్టుకుంది. ఇప్పటికీ నల్లగానే ఉంది. 

"లోపట కురుస్తాంది బిడ్డా!" అన్నాను. 

"కురవనియ్యి! పొడి మన్ను నోరు తెరుసుకొని ఉంటది. అది కడుపు నిండ తాగితెనే నోరు మూస్తది. పరదా కప్పితె నా కొంప ముంచినట్లే!" 

ఆమె వానలో నిలబడి కప్పు వైపే చూస్తోంది. నమ్మకం ఉందో, నమ్మాలని ఉందో నాకు తెలియలేదు. బిందెలతో ముందే తడిపి ఉండకూడదా అన్నాను. బిందె నీళ్ళు ఒక్కచోట దూకి గుంత చేస్తాయంది. వానే సమానంగా తడపాలంది. 

నేను నిచ్చెన మీదే ఉండి చూశాను. చూసింది రాస్తున్నాను. బూడిదలా ఉన్న పొడి నల్లబడింది. బుడగలు లేచాయి. ఆ బుడగలు పగిలిన చోట మన్ను తనంతట తానే కలిసిపోయి, నున్నగా, పాల మీద మీగడ కట్టినట్టు ఒక పొర కట్టింది. నా కళ్ళ ముందే కట్టింది. చిన్న రంధ్రాలు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. కాసేపటికి నీళ్ళు ఆ పొర మీద నిలవలేక కదిలాయి. సన్నటి పాయలుగా కప్పు అంచున ఉన్న తూము వైపు నడిచాయి. తూములోంచి మొదట బురద, తర్వాత తేట నీళ్ళు ధారగా దూకాయి. పంట పండదని మేము శాపనార్థాలు పెట్టే మన్ను అది. 

లోపలికి వచ్చాం. అందరూ నిలబడి వింటున్నారు. తలుపు దగ్గర చుక్క ఆగిపోయింది. నడి ఇంట్లో టప్... చాలాసేపటికి ఇంకో టప్. ఆ తర్వాత ఎంత ఎదురుచూసినా పడలేదు. పొయ్యి మూలలో మాత్రం ఒక చుక్క కట్టెకు వేలాడుతూ ఉంది. పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ళ దాకా అందరి మెడలూ అటే. అది అలా వేలాడి వేలాడి, కట్టె పొడవునా పక్కకి పాకి ఆరిపోయింది. బయట వాన ఇంకా గట్టిగా కొడుతోంది. మరియమ్మ గొంతు కింద శిలువ పట్టుకుని కళ్ళు మూసుకుంది. 

అప్పుడు రోడ్డు మీద బండి హారన్ మోగింది. మేస్త్రి బండి. 

నర్సిములు వానలోకే నడిచి పోయాడు. బాలమణి అటు చూడలేదు. చీపురు తీసుకుని నేల మీద పడిన తడిని ఊడుస్తూ కూర్చుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. చుక్క పడితే అన్నాడు. చుక్కలు పడ్డాయి కదా. ఆ మాట మా అందరి నోళ్ళలోనూ ఉంది, ఎవరమూ అనలేదు. హారన్ ఇంకోసారి మోగింది. మగవాళ్ళ మాటలు, ఎవరో గట్టిగా నవ్వడం వినబడింది. బండి కదిలిన చప్పుడు అయింది. 

గుమ్మంలో నర్సిములు నిలబడ్డాడు. బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో తట్ట. బండిలోంచి దించుకుని వచ్చాడు. 

తల పైకెత్తి పొయ్యి మూల వైపు చాలాసేపు చూశాడు, మేస్త్రీలు చూసే చూపు. 

"ఏమే, ఈ మూలకు చౌడు జర పల్చగ పడ్డది. ఇంకెంత మిగిలింది?" అని పైకి ఎక్కడానికి నిచ్చెన దిక్కు కదిలాడు. 

బాలమణి చీపురు పక్కన పెట్టి ఒక్క గంతులో పోయి అతని అంగీ పట్టుకుంది. 

"ఇప్పుడు ఎక్కకు. కాళ్ళు దిగుతయి. ఆరనియ్యి."